జింక కళ్ళ మీద చెయ్యి

ఓబిలేష్‌కు తిట్టడం వచ్చినంత బాగా మరే పనీ రాదు. ఇది ఊరివాళ్ళు ఇచ్చిన బిరుదు, అతను కాదనలేదు కూడా. వాన రాకపోతే మబ్బును తిట్టేవాడు, వస్తే ఇప్పుడా వచ్చేది అని తిట్టేవాడు. కరెంటు లైన్‌మ్యానూ, ఎరువుల కొట్టువాడూ, టీవీలో మాట్లాడే పెద్దమనుషులూ, ఎవరూ అతని నోటి నుంచి తప్పించుకోలేదు. మంచి మాట చెప్పడానికి మాత్రం ఆ నోరు పెగిలేది కాదు. ముప్పై ఏళ్ళుగా భార్య సుంకమ్మ రాగిముద్ద చేసి పెడుతుంటే "ఉప్పు చాలలేదు" అనేవాడు. ఆ మాట అన్నాడంటే తృప్తిగా తిన్నాడని ఆమెకు లెక్క. అలాంటి మనిషి పోయిన ఏడాది అక్టోబరులో ఊరందరి ముందు నిలబడి, కాగితం పట్టుకుని, కృతజ్ఞత చెప్పాడు. చెప్పించింది ఒక కృష్ణజింక.

బెళుగుప్పకు పడమటగా ఓబిలేష్‌కు ఐదెకరాల ఎర్రనేల ఉంది. వాన మీదే సాగు, వేరుశనగే పంట. గింజ మొలిచి చేను పచ్చగా కనబడగానే జింకలు దిగుతాయి. ఒకటీ రెండూ కాదు, అరవై డెబ్బై ఉన్న మంద. తెల్లవారేసరికి చాళ్ళకు చాళ్ళు మొండి చేసి, ఏమీ ఎరగనట్టు దూరంగా బీడులో నిలబడి చూస్తుంటాయి. చుట్టుపక్కల రైతులంతా చేసే పనే అతనూ చేసేవాడు. సంతలో పాతచీరల మూట కొనుక్కొచ్చి, చేను చుట్టూ కట్టెలు పాతి, వాటికి చీరలు కట్టేవాడు. గాలికి చీర రెపరెపలాడితే మనిషనుకుని జింక బెదురుతుంది. ఎప్పుడైనా కొమ్ము తగులుకున్నా నూలు చీర పర్రున చిరిగిపోతుంది, జింక తన దారిన తాను పోతుంది.

ఈసారి పడమటి మూలన ఒక్క చీర తక్కువైంది. ఆ వారమే ధర్మవరంలో ఒక పెళ్ళికి పోయినప్పుడు, మగ్గం నేసే ముత్యాలప్ప అతని గోడు విని, రంగు అంటుకుని షాపువాళ్ళు తిప్పి పంపిన ఒక పట్టుచీర ఇచ్చాడు. చిలకపచ్చ చీర, ఎర్ర అంచు. "మనుషులు కట్టుకోకుంటే పోనీ, నీ శెనిక్కాయ చేనన్నా కట్టుకుంటాది" అన్నాడు. ఓబిలేష్‌కు ఆ చీర చూస్తే మురిపెంగా అనిపించింది. ఇంత కళగా ఉంటే జింకలు ఇంకా ఎక్కువ బెదురుతాయనుకున్నాడు. ముత్యాలప్ప నేసిన పట్టు చిరగదన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున చేనికి పోయేసరికి ఆ మూలన రెండు కట్టెలు విరిగి పడి ఉన్నాయి. చిలకపచ్చ చీర తాడులా పురి తిరిగిపోయింది. దాని చివర ఒక మగ జింక. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, మెలితిరిగిన కొమ్ములు. చీర ఆ మెలికల్లో దిగి, మెడ చుట్టూ రెండు చుట్లు బిగుసుకుని ఉంది. ముందరి కాలు ఒకటి ఒంటి కింద మడతపడి, చర్మం చీలి రక్తం కారుతోంది. కళ్ళు బయటికి వచ్చేలా ఉన్నాయి.

మొదట అతని నోటికి వచ్చింది తిట్టే. తర్వాత భయం పట్టుకుంది. ఎందుకంటే రెండు నెలల కిందటే, జూన్ గ్రామసభలో, అందరూ వింటుండగా అతను ఒక మాట అన్నాడు.

ఆ రోజు సభకు ఫారెస్టు బీటు ఆఫీసరు పద్మప్రియ వచ్చింది. గోరంట్ల పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. జింకలను కొట్టడం, ఉచ్చులు పెట్టడం నేరమని చెప్పడానికి లేచింది. ఓబిలేష్ ఆమెను నాలుగు మాటలు కూడా చెప్పనివ్వలేదు. మూడేళ్ళుగా జింకలను చంపడానికి అనుమతి ఇవ్వమని ఊరి తరఫున అర్జీ పట్టుకుని తిరిగిన మనిషి. మండలం వాళ్ళు కలెక్టరు దగ్గరికి పొమ్మన్నారు, అక్కడివాళ్ళు అమరావతికి రాశామన్నారు, అమరావతి నుంచి ఇది ఢిల్లీ చేతిలో ఉందని జవాబొచ్చింది. ఆ మంటంతా ఆ పిల్ల మీద పడింది. "ఇంగోసారి నా చేన్లోకొస్తే ఉరేసి చంపుతా, ఏం చేసుకుంటావో చేసుకో! జీతం తినేదానికి తప్ప మీరు దేనికి పనికొస్తారు?" అని అరిచాడు. పద్మప్రియ మొహం ఎర్రబడింది. నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. "రాసుకో, రాసుకో. ఓబిలేషు అని రాసుకో!" అన్నాడు. సభ గొల్లున నవ్వింది.

ఇప్పుడు అతని చేనులోనే, అతని చీరకే, జింక ఉరిపడి ఉంది.

అతను కొడవలి పట్టుకుని దగ్గరికి పోయాడు. జింక గింజుకుంది, చీర ఇంకా బిగిసింది. ఇంకో అడుగు వేస్తే అదే ఊపిరాడక చచ్చేలా ఉంది. చిన్నప్పుడు గొర్రెలు కాసినవాడు కాబట్టి ఒక్కటి గుర్తొచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి, వెనకనుంచి పోయి, దాని కళ్ళ మీద కప్పి, పైన అరచెయ్యి పెట్టాడు. జింక ఒక్కసారి వణికి, నెమ్మదించింది. రెండో చేత్తో మెడ దగ్గర చీరను కోశాడు. బుస్సుమని ఊపిరి వచ్చింది. కొమ్ముల దగ్గరిది కోద్దామని చెయ్యి తీసేసరికి మళ్ళీ కొట్టుకుంది. చెయ్యి పెట్టక తప్పలేదు. అలా ఆ తలను ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడిపోయాడు.

టీ తాగమని పిలవడానికి వచ్చిన సుంకమ్మ, పక్క చేను రామప్ప ఒకేసారి వచ్చారు. రామప్ప చూడగానే నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఓబిలేషన్నా, కొంప మునిగిందప్పా! ఊరికంతా వినపడేట్ల ఉరేస్తానన్నావే, నీ మాట ఎవురు నమ్ముతారు? మూడేండ్లకు తక్కువ కాకుండా జైలంట. చీర కోసి వదిలేయ్. యాడన్నా పోయి చస్తాది, మన గట్టు దాటితే మనకు సంబంధం ల్యా."

"కాలు చూసినావా? ఇది పరిగెత్తల్యాదు. అవో, చూడు." బీడులో మూడు ఊరకుక్కలు అప్పుడే వాసన పట్టి నిలబడి ఉన్నాయి.

"అయితే చచ్చినాక గమ్మున పూడ్చేద్దాం."

ఓబిలేష్ అరచేతి కింద జింక రెప్పలు కొట్టుకుంటున్నాయి. మూడేళ్ళు చంపనివ్వమని తిరిగిన మనిషికి, తీరా చావు చేతిలోకి వస్తే ఏం చేయాలో తెలియలేదు. సుంకమ్మ అతని మొహం చూసింది, జింకను చూసింది. జాకెట్లో నుంచి ఫోను తీసింది.

"ఆ ఫారెస్టు పిల్ల నంబరు ఊరి సచివాలయం గోడ మీద ఉండాది, నేను ఎక్కించుకొన్యా. చేయమంటావా?"

"చెయ్" అన్నాడు ఓబిలేష్. "నేనే చెప్తా, నా చెవి కాడ పెట్టు."

తన పేరు, జరిగింది చెప్పాడు. తర్వాత ఆమె రెండే మాటలు అంది. "చెయ్యి తీయాకు. గట్టిగా మాట్లాడాకు."

అరగంటలో బైకు దూరంగా రోడ్డు మీదే ఆపి నడిచి వచ్చింది. రామప్పను కుక్కల వైపు పంపింది. అతను పోయిన దగ్గర్నుంచి పదిన్నర దాకా ఎండలో నిలబడి రాయి చూపిస్తూ వాటిని దగ్గరికి రానివ్వలేదు. పూడ్చేద్దామన్న మనిషే అది చేశాడు, అందుకు అతనికీ దండం పెట్టాలి. పద్మప్రియ జింక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పక్కటెముకల మీద చెయ్యి వేసి చూసింది.

"పశువుల డాక్టరు మల్లికార్జున సార్‌కు చెప్పినా" అంది గుసగుసగా. "ఆయప్ప యాడో ఊర్లో ఆవు ఈనలేక కష్టపడతాంటే అక్కడ ఉండాడు. వచ్చేసరికి పది అవుతాది. అంతవరకు ఇది భయపడకూడదు. జింకకు దెబ్బ కన్నా భయమే ఎక్కువ చంపుతాది. గుండె ఆగిపోతాది."

"చస్తే?"

"చస్తే కోసి చూస్తారు. మెడ కాడ చీర బిగిసిందని రాస్తారు. ఉచ్చు పెట్టడం కూడా వేటే అంటాది చట్టం. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదన్నా."

అప్పటికి ఏడు కావస్తోంది. మూడు గంటలు. ఓబిలేష్ జీవితంలో ఒకే చోట నోరు మూసుకుని మూడు గంటలు కూర్చున్న పాపాన పోలేదు. పావుగంట కాకముందే లోపలిది పొంగింది.

"ఏం న్యాయం ఇది!" అని గట్టిగా అనేశాడు. ఒళ్ళో జింక ఒళ్ళంతా అదిరింది. పద్మప్రియ వేలు పెదాల మీద పెట్టుకుంది. అతను గొంతు దించి, తిట్టవలసినదంతా గుసగుసగా తిట్టడం మొదలుపెట్టాడు. బెళుగుప్ప మండలంలో అంత చిన్న గొంతుతో అంత పెద్ద పంచాయితీ ఎప్పుడూ జరిగి ఉండదు.

"చేను నాది. పంట నాది. నీళ్ళు లేక, వాన లేక చచ్చేది నేను. యాడో ఢిల్లీలో కూచున్నోళ్ళకు నా చేన్లోకొచ్చే జింకతో పనేముంది? మన సర్కారుకు ఓటేసినాం కదా, వాళ్ళు చూసుకోకూడదా?"

"చేను, పంట, సాగు, అవన్నీ మన రాష్ట్రం చేతిలోవే" అంది ఆమె. "రాజ్యాంగంలో మూడు పట్టీలు రాసిపెట్టినారన్నా. ఒకటి ఢిల్లీది, సైన్యం, రైళ్ళు, నోట్లు. ఒకటి రాష్ట్రానిది, పోలీసులు, సాగు, నేల. మూడోది ఉమ్మడి. దాంట్లో ఇద్దరూ చట్టం చేయొచ్చు. అడవి జంతువులు ఉమ్మడిలో ఉండాయి."

"ఉమ్మడి బాయి మాదిరినా?"

"ఉమ్మడి బాయే. మీ ఇంట్లో ఉన్నిందా?"

"మా నాయనకు, మా పెదనాయనకు ఉన్నింది. ఇద్దురూ తోడుకోవచ్చు. మాటా మాటా వస్తే పెదనాయన మాటే చెల్లేది." చెప్తుండగానే అతనికి విషయం అందింది, నచ్చలేదు. "అంటే ఈడ పెదనాయన ఢిల్లీనా?"

"రెండు చట్టాలకు పడకుంటే మామూలుగా అంతే. కృష్ణజింకను ఢిల్లీ చట్టం అన్నిటికన్నా గట్టి షెడ్యూల్లో పెట్టింది. మనిషి ప్రాణానికి ముప్పయితే తప్ప, పంట తినిందని చంపమనే అధికారం మన రాష్ట్రంలో ఎంత పెద్ద ఆఫీసరుకూ లేదు."

"చూసినావా! వాళ్ళు మన బాయి గుంజుకొన్యారు."

ఆమె నవ్వబోయి, జింక చెవి కదలడం చూసి ఆపుకుంది. "గుంజుకోలేదన్నా. మనమే ఇచ్చినాం. మొదట్లో అడవి జంతువులు అచ్చంగా రాష్ట్రాల పట్టీలోవే. ఢిల్లీకి చట్టం చేసే దారే లేదు. కొన్ని రాష్ట్రాలు వాళ్ళ అసెంబ్లీల్లో తీర్మానం చేసి, మా తరఫున మీరే ఒక చట్టం చేయండి అని అడిగినాయి. అట్ల అడిగితేనే డెబ్బై రెండులో ఈ చట్టం వచ్చింది. నాలుగేండ్లకు రాజ్యాంగం మార్చి ఉమ్మడిలో పెట్టినారు. ఆ చట్టం మొదట్లోనే అడిగిన రాష్ట్రాల పేర్లు ఉంటాయి. పదకొండు. మొదటి పేరు యాదో చెప్పు."

"నాకేం తెలుసు."

"ఆంధ్రప్రదేశ్. అక్షరాల వరసలో మొదలొచ్చింది అనుకో. పరీక్షకు చదివేటప్పుడు నాకు భలే అనిపించింది."

ఓబిలేష్ తలెత్తి ఆమె కేసి చూశాడు. "మన పెద్దోళ్ళు ఏమిటికట్ల చేసినారు? చేతిలోది ఎవురన్నా ఇస్తారా?"

"ఈ జింక రాయదుర్గం కాడ మేసి, బళ్ళారి పక్కకు పోయి నీళ్ళు తాగుతాది. దానికి గట్టు తెలుసా, రాష్ట్రం తెలుసా? మనం కాపాడి, గట్టు అవతల కాలుస్తే ఏం లాభం? అందరికీ ఒకే మాట ఉండల్ల అనుకొన్యారు. అప్పట్లో జింకలు లేకుండా పోతాండాయంట."

ఆ మాటతో ఓబిలేష్‌కు ఎన్నడూ తలుచుకోనిది ఒకటి గుర్తుకొచ్చింది. ఐదారేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడు నాయన ఇదే చేనులో అతన్ని భుజాల మీదికి ఎత్తుకుని, "చూడు నాయనా, చూడు, మళ్ళా కనపడతాదో లేదో" అని దూరంగా ఒక్క జింకను చూపించాడు. జీపుల్లో వచ్చి కాల్చుకుపోయేవాళ్ళని, ఒకప్పుడు మందలుండేవని నాయన చెప్పేవాడు. ఆ ఒక్క జింకను చూడటానికి ఊరి పిల్లలంతా గట్టెక్కారు. ఇప్పుడు అదే చేనులో డెబ్బై దిగుతున్నాయని అతను మూడేళ్ళుగా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నాడు. నాయన ఉంటే ఏమనేవాడో అనుకున్నాడు.

"అయితే మా పంట పోతే పోయిందేనా?" అన్నాడు చివరికి. ఈసారి ఆ మాటలో తిట్టు లేదు, అడగడమే ఉంది.

"పోనియ్యాకు. నీ అర్జీ నేను చూసినా, రేంజి ఆఫీసులో ఉండాది. మొదటి వాక్యమే జింకలను చంపనీయండి అని ఉండాది. కింద నష్టపరిహారం, కంచె అని రాసినావు. పైది చూసిన ప్రతి ఒక్కరూ ఇది ఢిల్లీది అని పక్కకు తోసినారు, కిందిది చదివినోళ్ళే లేరు. పంట నష్టం ఇచ్చేది, కంచెకు సాయం చేసేది రాష్ట్రం. అది వేరే కాగితం. చట్టం మార్చల్ల, జింకలను యాడికన్నా తరలించల్ల అని అడిగేది మీ ఎంపీ ద్వారా ఢిల్లీకి. అది వేరే కాగితం. రెండు గడపల పని ఒక్క కాగితం మీద రాస్తే యా గడపా తీసుకోదు."

మూడేళ్ళు! తలా తోకా తెలియకుండా తిరిగిన మూడేళ్ళూ అతని కళ్ళ ముందు తిరిగాయి. జూన్ సభలో మాట్లాడనిచ్చి ఉంటే ఆమె ఇది కూడా అప్పుడే చెప్పేదేమో. తాను నాలుగు మాటలు కూడా చెప్పనివ్వలేదు.

ఎండ ఎక్కింది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయో లేవో తెలియడం లేదు. సుంకమ్మ ఇంటికి పోయి ముద్ద, పులుసు తెచ్చింది. రెండు చేతులూ ఖాళీ లేవు కాబట్టి పక్కన కూర్చుని, చిన్న చిన్న ఉండలు చేసి అతని నోట్లో పెట్టింది. పెళ్ళినాడు పెట్టింది, మళ్ళీ ఆ రోజే. పద్మప్రియ మొహం పక్కకు తిప్పుకుంది. నాలుగు ముద్దలు తిన్నాక ఓబిలేష్ గుసగుసగా "బాగుండాది" అన్నాడు. సుంకమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. భర్తకు ఎండ దెబ్బ తగిలిందేమోనని నుదురు తాకి చూసింది.

పదిన్నరకు డాక్టరు వచ్చాడు. ఆవు పేయదూడను వేసిందని సంతోషంగా ఉన్నాడు. జింక కాలు పట్టుకుని ఒక్కొక్క కీలు నొక్కి చూశాడు.

"విరగల్యా" అన్నాడు డాక్టరు. "నరం పట్టేసింది, చర్మం చీలింది. మెడ కాడ చీర ఎవరు కోసినారు?"

"నేనే, సార్."

"ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైంటే బతికేది కాదు."

మందు పూసి, సూది వేసి, కొమ్ముల మెలికల్లో నుంచి పట్టుచీరను పోగు పోగుగా కత్తిరించి తీశారు. తర్వాత అందర్నీ వంద అడుగుల దూరం పొమ్మని, చివరిగా ఓబిలేష్‌ను తువ్వాలుతో సహా చెయ్యి తీసి మెల్లగా వెనక్కి రమ్మంది పద్మప్రియ. అతనికి ఆ చెయ్యి తీయబుద్ధి కాలేదు. నాలుగు గంటలు ఆ రెప్పల తడి అరచేతికి అలవాటైపోయింది. తీశాడు. జింక కాసేపు అలాగే పడి ఉంది. లేచింది, పడింది, మళ్ళీ లేచింది. మూడు కాళ్ళ మీద కుంటుతూ పది అడుగులు వేసి, నాలుగో కాలు ఆనించి చూసుకుంది. పోతూ పోతూ వేరుశనగ చాలులో తల దించి రెండు చెట్లు కొరికింది. రామప్పా, సుంకమ్మా ఇద్దరూ ఓబిలేష్ నోటి కేసి చూశారు. ఆ నోరు మూసుకునే ఉంది. కళ్ళలో నుంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి.

జింక బీడు దాటి మందలో కలిశాక పద్మప్రియ తుమ్మచెట్టు నీడన కూర్చుని పంచనామా రాసింది. రాసి చదివింది. చేను ఎవరిది, చీర ఎక్కడిది, కట్టెలు ఎంత దూరాన పాతారు, అన్నీ. తర్వాత ఈ వాక్యం వచ్చింది. "సదరు రైతు గత జూన్ గ్రామసభలో జింకలను ఉరి వేసి చంపుతానని అందరి ముందు అనియున్నాడు."

రామప్ప లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, అది ఏమిటికి రాస్తాండావు? ఆయప్ప కోపంలో అన్న మాట! పొద్దుననుంచి చూస్తానే ఉండావు కదా!"

"ఊరంతా విన్న మాట రామప్పన్నా. నేను దాచితే రేపు ఎవరో ఒకరు బయటికి తీస్తారు. అప్పుడు ఈ కాగితంలో తక్కినవన్నీ కూడా అబద్ధమే అంటారు." ఆమె ఓబిలేష్ వైపు తిరిగింది. "అన్నావా, లేదా?"

"అన్న్యా" అన్నాడు అతను.

ఆమె తర్వాతి వాక్యాలు చదివింది. "అయితే ఘటన జరిగిన వెంటనే సమాచారం ఇచ్చినది ఇతడే. జంతువు మెడకు బిగిసిన చీరను కోసి ప్రాణం నిలిపినది ఇతడే. నేను వచ్చినది మొదలు వైద్యుడు చికిత్స ముగించు వరకు కూర్చున్న చోటు నుండి కదలక, జంతువు కళ్ళపై చేయి ఉంచి కాపాడినాడు. నేను స్వయంగా చూసినాను. ఉచ్చుగా కాక బెదురు కొరకే చీర కట్టినట్లు, పట్టు చిరగదని ఇతనికి తెలియనట్లు నేను నమ్ముచున్నాను."

ఓబిలేష్ తన గురించి ఒకరు మంచి మాట కాగితం మీద రాయడం పుట్టిన తర్వాత మొదటిసారి విన్నాడు. అదీ, తాను నలుగురిలో నవ్వులపాలు చేసిన మనిషి నోటి నుంచి. సంతకం పెట్టేటప్పుడు పేరులో చివరి అక్షరం గీత దాటింది.

ఆ తర్వాత రేంజి ఆఫీసు నుంచి మాట రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో తిట్టు వినపడలేదు, సుంకమ్మకు అదే భయమేసింది. తొమ్మిదో రోజు పద్మప్రియ ఫోను చేసింది. ప్రమాదంగా రాసి మూసేశారు, కేసు లేదు, చేను చుట్టూ నూలు చీరలు తప్ప ఇంకేవీ కట్టకూడదు. ఓబిలేష్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏదో చెప్పాలి. ఆ మాట అతనికి అలవాటు లేదు. "సరే మేడం" అని పెట్టేశాడు. పెట్టేసినందుకు ఆ రోజంతా తనను తాను తిట్టుకున్నాడు.

వారం తర్వాత మూడు కాగితాలు పట్టుకుని ఆమె ఉండే చోటికి పోయాడు. ఒకటి రాష్ట్రానికి, పంట నష్టం, కంచె. ఒకటి ఎంపీ ద్వారా ఢిల్లీకి. రెండింటిలోనూ చంపడమన్న మాట లేదు. ఆమె చదివి, రెండు చోట్ల తేదీలు దిద్ది, బాగున్నాయంది.

"ఇంగోటి ఉండాది, తల్లీ" అన్నాడు. మూడో కాగితం తీసి మడత విప్పలేక విప్పాడు. "ఇది నీకు రాసుకొన్యా. కృతజ్ఞత అని. పైన ఎవురి పేరు పెట్టల్లో తెలీక ఖాళీ ఇడిసినా. నీకు జీతమిచ్చేది రాష్ట్రం. నువ్వు చూసే చట్టం ఢిల్లీది. ఇది యా గడపకు పంపల్ల?"

పద్మప్రియ ఆ కాగితం తీసుకోలేదు.

"అన్నా, ఆ రోజు సభ అయినాక నేను రూముకు పోయి ఏడ్చినా. ఉద్యోగం మానేద్దామనుకొన్యా" అంది. "తిట్టింది యాడ తిట్టినావు?"

అతను తల వంచుకున్నాడు. ఏ గడపకు పంపాలో అతనికి తెలిసింది.

అక్టోబరు రెండున గ్రామసభ. సర్పంచి మాట్లాడాక ఓబిలేష్ లేచాడు. ఇంకేముంది, ఈసారి ఎవరి వంతో అని జనం సర్దుకు కూర్చున్నారు. అతను కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. జింక తల ఒళ్ళో ఉన్నప్పటి గొంతు అది, పక్కనున్న రామప్పకే సగం వినపడింది.

"వినపడలేదప్పా!" అని వెనకనుంచి అరిచారు. "తిట్టేటప్పుడు రాయదుర్గం దాకా వినపడతాది, ఇప్పుడేమైంది?"

ఓబిలేష్ ఆగాడు. తుండుతో మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచి, ఉరేస్తానన్న రోజు అరిచినంత గట్టిగా చదివాడు. జూన్‌లో అన్న మాట తప్పని చదివాడు. జింక బతికిందని, తాను జైలుకు పోకుండా ఇంట్లో ఉన్నానని, రెండూ ఈ పిల్ల చలవేనని చదివాడు. మూడేళ్ళు తాను తప్పుగా రాసిన అర్జీని ఈ పిల్ల మూడు గంటల్లో విడదీసి చెప్పిందని, ఆమెకు ఊరి తరఫున, తన తరఫున కృతజ్ఞత అని చదివాడు. ఎవరూ నవ్వలేదు. మూలన కుర్చీలో కూర్చున్న పద్మప్రియ తల వంచుకుని, సంచిలో నుంచి ఆ పాత నోటుబుక్కే తీసింది.

అది చూశాక ఓబిలేష్‌కు కాగితం మీది అక్షరాలు కనపడలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రాసుకో తల్లీ" అన్నాడు. "ఓబిలేషు అని రాసుకో."

ఆమె రాసుకుంది.